సిరోంచ నుంచి తెరచాప పడవలో లాకుల దాకా: దారి, గాలి, అనుమతులు

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచ) · శనివారం రాత్రి

అందరికీ నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. నేను, మా బావమరిది కలిసి పద్దెనిమిది అడుగుల చెక్క పడవ కట్టిస్తున్నాం. తెరచాప ఉంటుంది, వెనక చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్ కూడా పెడుతున్నాం. మా ఊరి దగ్గర ప్రాణహితలో దించి, కాళేశ్వరం సంగమం దాటి గోదావరిలోకి వచ్చి, భద్రాచలం, పాపికొండలు చూసుకుంటూ రాజమండ్రి చేరాలని ఆశ. అక్కడి నుంచి లాకులు (పడవని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే, దించే తలుపుల గదులు) దాటి ఏలూరు కాలువలో విజయవాడ దాకా పోవాలి.

కాళేశ్వరం వైపు వంతెన రాకముందు మా వాళ్ళంతా పడవల మీదే అటూ ఇటూ తిరిగేవారు. ఏటి మీద మాకు భయం లేదు. కానీ లాకు అనేదాన్ని మా ఇద్దరిలో ఎవరూ దాటలేదు. తెరచాప కొయ్య ఇరవై రెండు అడుగులు. కాలువల మీద వంతెనల కింద ఎలా పోవాలి? ఏ నెలలో బయలుదేరితే మంచిది? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోండ్వానా_చరిత్ర (చంద్రపూర్) · శనివారం రాత్రి

అన్నా, చాలా సంతోషం. మీరు వెళ్ళాలనుకుంటున్న దారినే నూట అరవై ఏళ్ళ కింద తెల్లవాళ్ళు పెద్ద జలమార్గంగా మార్చాలని చూశారు. ఆ కథ కొంచెం చెప్పనివ్వండి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ చూపు ఎగువకు మళ్ళింది. వార్ధా, నాగపూర్, హింగన్‌ఘాట్ వైపు పండే పత్తిని ఎడ్ల బండ్ల మీద బొంబాయికి తోలే బదులు వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో సముద్రానికి చేర్చాలని ఆలోచన. కెప్టెన్ హేగ్ ఏరంతా సర్వే చేసి 1856లో రిపోర్టు ఇచ్చాడు. అడ్డం మూడు చోట్ల ఉంది. దుమ్ముగూడెం దగ్గర మొదటి రాతి వరస, ఇంచంపల్లి దగ్గర రెండోది, మన అహేరి తాలూకా దేవలమర్రి దగ్గర ప్రాణహితలో మూడోది. ఒక్కో చోట ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, ఆ కాలువలో లాకులు పెట్టి పడవలను రాళ్ళ మీదుగా కాకుండా పక్క నుంచి దించాలని ప్లాన్.

1860లో నిజాం నుంచి ఎడమ గట్టు తాలూకాలు తీసుకుని అప్పర్ గోదావరి జిల్లా పెట్టారు. దాని కేంద్రం మీ సిరోంచే. అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి అందకపోయేసరికి ఈ పనికి ఇంకా ఊపు వచ్చింది. కానీ 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పనులు ఆపేయమని ఆర్డరు వచ్చింది. అప్పటికి దాదాపు ఏడు లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకులు నిలబడ్డాయి. ఇంచంపల్లి సగంలో ఆగింది. 1874లో జిల్లానే ఎత్తేశారు.

కాబట్టి మీరు సిరోంచ నుంచే బయలుదేరండి. ఆ దారికి మీ పడవ ఒక గౌరవం.

విజ్జేశ్వరం_వాసి · ఆదివారం ఉదయం

నమస్కారమండి. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, కాలువ గట్ల మీదే ఉద్యోగమంతా గడిచింది. చరిత్ర బాగా చెప్పారు. కానీ ప్రయాణం ఇప్పటి ఏటిలో చెయ్యాలి కదండి.

సిరోంచ నుంచి దిగువకి వస్తే మొదట తగిలేది మేడిగడ్డ బ్యారేజీ. 85 గేట్లు, దాదాపు కిలోమీటరున్నర పైన పొడవు. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక నీళ్ళు నిలబెట్టడం లేదు. అంటే మీ దగ్గర ఏరు మళ్ళీ పాత ఏరే: సంక్రాంతి దాటితే ఇసుక మేటలు, మధ్యలో సన్నటి పాయ. తర్వాత తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ. తర్వాత దుమ్ముగూడెం దగ్గర పాత ఆనకట్ట, దాని పక్కనే సీతమ్మసాగర్ బ్యారేజీ పనులు. కింద పోలవరం ప్రాజెక్టు, నీటిని కిందకి వదిలే 48 గేట్ల స్పిల్‌వే. 2021 నుంచి ఏరంతా దాని మీదుగానే పోతోంది. పోలవరం డిజైన్‌లో ఎడమ వైపు పడవల కోసం లాకులు, సొరంగం ఉన్నాయి గానీ అవి వాడకంలోకి వచ్చేదాకా మీకు దారి రోడ్డే.

అంటే నాలుగు చోట్ల పడవని ఒడ్డుకి లాగి, ట్రాలీ మీద వేసి, కిందకి తీసుకెళ్ళి మళ్ళీ దించాలి. పద్దెనిమిది అడుగుల చెక్క పడవ, ఇంజను, కొయ్య, సామాను. ప్రతి చోటా ట్రాక్టరు మాట్లాడుకోవాలి, పదిమంది చెయ్యి వెయ్యాలి. బ్యారేజీల దగ్గరికి ఊరికే పోనివ్వరు కూడా. ఎగువ వైపు గేట్లకి దగ్గరగా పడవ రావడం చాలా ప్రమాదం, నీటి లాగుడు పైకి కనపడదు.

కింద డెల్టా కాలువల సంగతి వేరు. మా విజ్జేశ్వరం హెడ్ లాకుల నుంచి పశ్చిమ డెల్టా కాలువలోకి దిగితే నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు. అక్కడ కృష్ణ వైపు కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు ధాన్యం పడవలు, జనం పడవలు దీని మీదే తిరిగేవి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఇప్పుడు లాకు తెరవాలంటే డివిజన్ ఆఫీసులో ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు రావద్దు. ఇంకోటి, గుర్రపు డెక్క. ఫ్యానుకి చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది. చేతికి అందేలా కొడవలి పెట్టుకోండి.

హడ్సన్_తెలుగు (ఆల్బనీ, సొంతూరు అహేరి) · ఆదివారం సాయంత్రం

మా వైపు వాళ్ళు పడవ కడుతున్నారంటే ఆగలేక రాస్తున్నా. నేను న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటాను. ఇక్కడి స్నేహితుడి సెయిల్ బోట్‌లో హడ్సన్ నది నుంచి ఈరీ కాలువలోకి సహాయకుడిగా వెళ్ళాను. 1825లో పూర్తయి తెరిచిన కాలువ అది, తర్వాత పెద్దది చేశారు. మన దగ్గరి లాకులు చిన్నవి, ఇక్కడివి 300 అడుగుల పైన పొడవు. కానీ పడవలో నిలబడినవాడు చెయ్యాల్సిన పని రెండు చోట్లా ఒకటే.

ముందు కొయ్య సంగతి. కాలువలోకి రాకముందే ఒడ్డున క్రేన్‌తో కొయ్య దించేస్తారు. పడమటి వైపు వంతెనల కింద ఖాళీ పదిహేనున్నర అడుగులే. దించిన కొయ్యని డెక్ మీద చెక్క స్టాండ్లు పెట్టి పొడవునా పడుకోబెట్టి కడతాం. అది ముందూ వెనకా బయటికి పొడుచుకు వస్తుంది. కొసలకి ఎర్ర గుడ్డ కట్టాలి, లేకపోతే లాకు గోడకో పక్క పడవకో గుచ్చుకుంటుంది. కాలువలో ఇక తెరచాప ఉండదు, ఇంజనే దిక్కు.

లాకులోకి వెళ్ళేటప్పుడు రెండు పక్కలా రబ్బరు బుడగలు వేలాడదియ్యాలి. మన దగ్గర పాత టైర్లు చాలు, గోనెసంచి చుట్టండి, గోడకి మరక పడదు. గోడలు పాచి పట్టి జారుతుంటాయి, పై నుంచి తాళ్ళు వేలాడుతుంటాయి, ఆ తాళ్ళు బురదగా ఉంటాయి. చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి. ముందు ఒకరు, వెనక ఒకరు తాడు పట్టుకుంటారు.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తు పెట్టుకోండి. తాడుని పడవకి ముడి వెయ్యకూడదు. ఒక చుట్టు తిప్పి చేత్తో పట్టుకోవాలి. కిందకి దిగుతున్నప్పుడు నీరు తగ్గిపోతుంటుంది, ముడి వేసి ఉంటే పడవ ఆ తాడుకి వేలాడి ఒక పక్కకి ఒరిగిపోతుంది. కొంచెం కొంచెం వదలాలి. పైకి ఎక్కుతున్నప్పుడు వదులైన తాడు లాక్కుంటూ ఉండాలి. ఎక్కేటప్పుడే ఎక్కువ కష్టం, నీళ్ళు అడుగు నుంచి ఉబికి వచ్చి పడవని ఊపేస్తాయి. దిగేటప్పుడు ప్రశాంతంగా ఉంటుంది. ఏలూరు దాకా మీరు కాలువ పారే వైపే పోతారు కాబట్టి మీకు దాదాపు దిగడమే, ఏలూరు నుంచి విజయవాడ వైపు మాత్రం ఎక్కడం.

వాటర్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర వరసగా ఐదు లాకులు ఉన్నాయి, మైలున్నర దూరంలో 169 అడుగులు ఎక్కిస్తాయి. మొదటి దాంట్లో మాకు బాగా టెన్షన్. ఐదోదానికి వచ్చేసరికి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండా పని జరిగిపోయింది. మీరిద్దరూ బయలుదేరే ముందే ఇంటి దగ్గర ఏ బావి గట్టు మీదో తాడు చుట్టి వదలడం సాధన చెయ్యండి.

రాయగడ_టీచరమ్మ · ఆదివారం రాత్రి

చదువుతుంటే నాకే బయలుదేరాలనిపిస్తోంది. మా బడి తెలుగు పిల్లలకి లాకు గురించి చెప్పాలనుకుంటున్నాను. అంత బరువు నీటిని ఆ తలుపులు ఎలా ఆపుతాయండి? మోటార్లు లేని రోజుల్లో మనుషులే తెరిచేవారట కదా.

విజ్జేశ్వరం_వాసి · సోమవారం ఉదయం

మంచి ప్రశ్న అడిగారమ్మా. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఒక రాతి గది. తలుపులు మూసినప్పుడు రెండూ తిన్నగా ఒకే గీతలో ఉండవు. నమస్కారం పెట్టినప్పుడు చేతులు కలిసినట్టు ఎగువ వైపుకి కోసుగా కలుస్తాయి. ఎగువ నీరు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. అంటే తలుపుని మూసి ఉంచేది నీరే.

అందుకే రెండు పక్కలా నీటిమట్టం సమానం కానిదే ఆ తలుపుని ఏనుగొచ్చి లాగినా తెరుచుకోదు. తలుపు అడుగున చిన్న షట్టర్లు ఉంటాయి. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, దిగువ షట్టర్లు ఎత్తుతారు. నీరు జారిపోయి మట్టం సమానమవగానే పొడవాటి దూలాన్ని ఇద్దరు మనుషులు నెడితే తలుపు కదులుతుంది. కదిలిన ఆ క్షణం చూడాలి, అంతసేపూ పొంగిన నీళ్ళు ఒక్కసారి నిమ్మళిస్తాయి, తలుపు సందులోంచి అవతలి కాలువ కనపడుతుంది. పిల్లల్ని ధవళేశ్వరం తీసుకురండి, కాటన్ మ్యూజియం కూడా చూపించవచ్చు.

ఛత్రపురం_సముద్రం (గంజాం) · సోమవారం మధ్యాహ్నం

కొయ్య విషయంలో నా మాట. మాది ఛత్రపురం, తెలుగు మత్స్యకారుల కుటుంబం. చిలికా సరస్సు నుంచి రుషికుల్య మొగ వైపు పాలూరు కాలువ ఉంది, ఒకప్పుడు ఉప్పు పడవలు నడిచేవి. మా పెద్దవాళ్ళ పడవల్లో కొయ్యని ఎప్పుడూ శాశ్వతంగా బిగించేవారు కాదు. అడ్డ బల్లకి ఒక రంధ్రం, అడుగున ఒక గూడు. కొయ్య ఆ రెండింట్లో నిలబడుతుంది, తాళ్ళు విప్పితే ఇద్దరు మనుషులు ఎత్తి పడుకోబెట్టేస్తారు. క్రేను అక్కర్లేదు. మీ పడవ ఇంకా కడుతున్నారు కాబట్టి వడ్రంగికి ఇప్పుడే చెప్పండి. ఇరవై రెండు అడుగులు ఎక్కువ, పదహారుకి తగ్గించి తెరచాపని వెడల్పు చెయ్యండి. గాలి పట్టడంలో పెద్ద తేడా రాదు, వంతెన వచ్చినప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది.

అడుగు మాత్రం బల్లపరుపుగానే ఉండాలి. కీల్ (అడుగున కిందకి పొడుచుకొచ్చే దూలం) పెడితే మొదటి ఇసుక మేట మీదే ఆగిపోతారు. పక్క గాలికి జారిపోకుండా మధ్యలో పైకీ కిందికీ లాగే పలక పెట్టించండి.

ప్రాణహిత_ఒడ్డు · సోమవారం రాత్రి

అందరికీ దండాలు. కొయ్య మాట వడ్రంగితో ఈ రోజే చెప్పాను, గూడు పెడతానన్నాడు. విజ్జేశ్వరం మాస్టారు చెప్పిన నాలుగు ట్రాలీలే మనసులో తిరుగుతున్నాయి. అయినా మా ఊరి నీళ్ళ మీంచి బయలుదేరకపోతే ఈ పడవకి అర్థం ఏముంది అని మా బావమరిది పట్టు. గాలి ఎలా ఉంటుంది ఈ దారిలో?

మోటు_శబరి (మల్కన్‌గిరి) · మంగళవారం ఉదయం

అన్నా, మీ బావమరిది గారి మాట అర్థమైంది. అయినా ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోకండి. మా మోటు రండి.

మోటు ఒడిశాకి దక్షిణపు కొస. సీలేరు వచ్చి శబరిలో కలిసేది మా ఊరి దగ్గరే, అవతలి గట్టున ఛత్తీస్‌గఢ్ కోంటా. శబరి ఇక్కడి నుంచి దిగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మోటు నుంచి పోలవరం దాకా మధ్యలో ఒక్క బ్యారేజీ లేదు. శబరి, కూనవరం సంగమం, ఆపైన పాపికొండలు, పేరంటపల్లి, అంతా ఏకధాటిగా నీళ్ళ మీదే. మీకు ట్రాలీ పోలవరం దగ్గర ఒక్కసారే.

గాలి గురించి: నవంబరు, డిసెంబరు, జనవరిలో ఈశాన్యం నుంచి వస్తుంది. గోదావరి మీ దగ్గర నుంచి ఆగ్నేయంగా పారుతుంది కాబట్టి అక్కడ అది పక్క గాలి. శబరి దక్షిణానికి దిగుతుంది కాబట్టి మాకు వెనక పక్క నుంచి వస్తుంది, తెరచాప నిండుగా నిలబడుతుంది. కొండల్లోకి పోయాక మాత్రం గాలిని నమ్మకండి. మలుపు తిరిగితే చప్పున ఆగిపోతుంది, ఇంకో మలుపులో కొండ సందులోంచి ఎదురు కొడుతుంది. అక్కడ తెరచాప దించి ఇంజను మీద పోవడమే మేలు.

వానాకాలం అసలు వద్దు. గోదావరి పొంగితే నీరు శబరిలోకి వెనక్కి ఎక్కి మా ఊరి దాకా వస్తుంది. అప్పుడు ఏరు ఎటు పారుతోందో కూడా తెలియదు.

గోండ్వానా_చరిత్ర · మంగళవారం మధ్యాహ్నం

మోటు దారి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సిరోంచ మనిషి దుమ్ముగూడెం చూడకుండా పోవడం నాకు మనసొప్పదు. ఆ రాతి లాకుల గోడలు, కాలువ, అంతా మీ జిల్లా పేరున మొదలైన పని. మీ ఊరి పత్తి పడవలు దిగాల్సిన మెట్లు అవి. కొత్త పనుల మధ్య అవి చెదిరిపోకుండా పురావస్తు శాఖ వాళ్ళు కనీసం కొలతలు తీసి, ఫోటోలు తీసి భద్రపరచాలని నేను ఎప్పటి నుంచో అడుగుతున్నాను. మీరు వెళితే ప్రతి గోడా ఫోటో తియ్యండి, తలుపులు తిరిగే రాతి గూళ్ళు దగ్గర నుంచి తియ్యండి.

విజ్జేశ్వరం_వాసి · మంగళవారం రాత్రి

మోటు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరైన దారి. ఇక జాగ్రత్తల గురించి రాస్తాను, ఇది చదవకుండా ఎవరూ పడవ దించొద్దు.

భద్రాచలం నీటిమట్టం రోజూ చూసుకోండి. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులైలో 71 దాటింది, 1986లో 75 దాటింది. మీరు వెళ్ళేది చలికాలం కాబట్టి అంత రాదు, కానీ ఎగువ గేట్లు ఎత్తితే ఏరు ఒక్క రాత్రిలో మారుతుంది. ఇసుక దిబ్బ మీద నీటి అంచున గుడారం వెయ్యకండి, ఎత్తు గట్టు మీదే పడుకోండి.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఎన్ని కుటుంబాలు పోయాయో మనందరికీ తెలుసు. అక్కడ ఏరు ఇరుకు, లోతు, సుడులు. లైఫ్ జాకెట్ పడవలో ఉండటం కాదు, ఒంటి మీద ఉండాలి, బకిల్ పెట్టి ఉండాలి. ఎంత ఈతగాడైనా సరే. చీకటి పడ్డాక నడపొద్దు.

కాగితాలు: ఇంజను ఉన్న పడవకి 2021 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. దారిలో పోలీస్ స్టేషన్లలో ముందే చెప్పండి, అవన్నీ రాష్ట్రాల సరిహద్దులు, అడవి ప్రాంతాలు. తెలియని పడవ కనపడితే వాళ్ళు ఆపడం సహజం.

రాయగడ_టీచరమ్మ · బుధవారం ఉదయం

ఫోటోలు తీస్తే నాకూ పంపండి అన్నయ్యా. లాకు తలుపుల బొమ్మ గీసి పిల్లలకి చూపిస్తే వాళ్ళు అట్టపెట్టెతో నమూనా చేస్తామంటున్నారు.

హడ్సన్_తెలుగు · బుధవారం రాత్రి

ఒక చిన్న చేర్పు. లాకులోకి వెళ్ళేటప్పుడు ఇంజను న్యూట్రల్‌లో ఉంచండి, ఆపెయ్యకండి. గాలి వెనక నుంచి తోస్తే పడవ ఆగదు, రివర్స్ కావలసి వస్తుంది. పడవ ముందు వైపు తాడు కంటే వెనక వైపు తాడునే మొదట వెయ్యండి, పడవ నిలబడుతుంది.

ప్రాణహిత_ఒడ్డు · గురువారం రాత్రి

మా బావమరిదితో కూర్చుని మాట్లాడాను. నిర్ణయం ఇలా ఉంది.

డిసెంబరు మొదట్లో పడవని ముందు మా ఊరి దగ్గరే ప్రాణహితలో దించుతాం. కాళేశ్వరం సంగమం దాకా పోయి, పూజ చేసి, తెరచాప, తాళ్ళు అన్నీ సరిచూసుకుని వెనక్కి వస్తాం. మేడిగడ్డ జోలికి పోము. అక్కడి నుంచి పడవని లారీ మీద వేసి దుమ్ముగూడెం తీసుకెళ్ళి, పాత లాకులు చూసి ఫోటోలు తీస్తాం. తర్వాత మోటు. శబరిలో దించి పోలవరం ఎగువ దాకా పడవ మీద, ఒక్క ట్రాలీ, ఆపైన గోదావరిలో విజ్జేశ్వరం. లాకు అనుమతి వస్తే ఏలూరు దాకా, రాకపోతే రాజమండ్రిలో ఆపేస్తాం. విజయవాడ ఇంకో ఏడాది చూద్దాం.

మాస్టారూ, అనుమతి కాగితం ఎవరి పేరున రాయాలో చెప్పండి. మోటు తమ్ముడూ, లారీ నుంచి పడవ దించడానికి మీ రేవులో వాలు సరిపోతుందా?

మోటు_శబరి · శుక్రవారం ఉదయం

సరిపోతుంది అన్నా. సంగమానికి కొంచెం ఎగువన మట్టి దారి నీళ్ళ దాకా దిగుతుంది, ట్రాక్టర్లు ఇసుకకి వచ్చే దారే అది. లారీని గట్టు మీద ఆపి, దుంగలు పరిచి దించుదాం. వచ్చే ముందు రోజు ఇక్కడ రాయండి, మా వాళ్ళు ఆరుగురిని తీసుకొస్తా. రాత్రి భోజనం మా ఇంట్లోనే.

విజ్జేశ్వరం_వాసి · శుక్రవారం ఉదయం

దరఖాస్తు హెడ్ వర్క్స్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి పేరున రాయండి. పడవ పొడవు, వెడల్పు, నీళ్ళలో ఎంత లోతు దిగుతుంది, కొయ్య దించాక ఎత్తెంత, ఎంతమంది ఉంటారు, ఏ తేదీ, ఇవన్నీ ఉండాలి. నెల ముందే ఇవ్వండి. ఒక కాపీ నాకు చూపిస్తే సరిచూసి పెడతాను.